ఎస్‌క్యూఎల్‌కి స్టాండర్డ్ ఉందంటారు, మరి మా క్వెరీ ఎందుకు తేడా కొట్టింది?

#1 · కొవ్వూరు కుర్రాడు

అందరికీ నమస్కారం. ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర అయింది. మా ఆఫీసులో పాత డేటాబేస్ నుంచి కొత్తదానికి మారుతున్నాం. డేటా అంతా వచ్చేసింది, వరసల లెక్క రెండు వైపులా సరిపోయింది. నిన్న సాయంత్రం టెస్టింగ్‌లో భాగంగా కస్టమర్లకి వెళ్ళే ఉత్తరాలు ప్రింట్ తీసి చూస్తే కొంతమందికి పేరు ఉండాల్సిన చోట ఏమీ లేదు. ‘గౌరవనీయులైన’ అని ఉంది, పక్కన కామా ఉంది, మధ్యలో ఖాళీ.

ఇంటిపేరు ఒక కాలమ్, పేరు ఇంకో కాలమ్. క్వెరీలో, అంటే ఎస్‌క్యూఎల్ అనే భాషలో డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలో, ఇంటిపేరు, ఒక స్పేసు, పేరు, ఈ మూడింటినీ రెండు నిలువు గీతలు || పెట్టి కలుపుతున్నాం. పాతదాంట్లో పదేళ్ళుగా నడుస్తున్న క్వెరీ ఇది, ఒక్క అక్షరం కూడా మార్చలేదు. ఖాళీగా వచ్చినవాళ్ళని వరసగా పెట్టి చూస్తే అందరికీ ఒకటే పోలిక: ఇంటిపేరు నింపలేదు. సరే, ఇంటిపేరు లేకపోతే పేరైనా రావాలి కదా? మొత్తం ఎందుకు మాయమైంది?

ఎస్‌క్యూఎల్ అంతర్జాతీయ స్టాండర్డ్ అని, ఒకచోట నేర్చుకుంటే ఎక్కడైనా పనికొస్తుందని చదువుకున్నాం. ఎవరైనా కాస్త వివరంగా చెబుతారా? సోమవారం మేనేజర్‌కి ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

#2 · డీబీఏ అక్క

తమ్ముడూ, టెన్షన్ పడకు. నీ పాత డేటాబేస్ ఒరాకిల్ అయి ఉండాలి. అందులో ఖాళీ స్ట్రింగ్‌నీ (అక్షరాలేవీ లేని మాట), నల్‌నీ (అసలు విలువే నింపకపోవడం) ఒకటిగానే చూస్తారు. నల్‌ని ఇంకో స్ట్రింగ్‌తో కలిపితే ఆ నల్‌ని వదిలేసి మిగతాది ఇస్తుంది. అందుకే ఇంటిపేరు లేకపోయినా పేరు వచ్చేది.

స్టాండర్డ్ ప్రకారం అలా కాదు. నల్ అంటే ‘తెలియదు’ అని. తెలియనిదానికి ఏది కలిపినా వచ్చేది తెలియనిదే. ఇంటిపేరు నల్ అయితే కలిపిన మొత్తం నల్. అంటే నీ కొత్త డేటాబేస్ స్టాండర్డ్ చెప్పినట్టే నడుచుకుంటోంది.

ఇప్పటికి కోఅలెస్ అనే ఫంక్షన్ వాడు. ఇంటిపేరు నల్ అయితే దాని బదులు ఖాళీ స్ట్రింగ్ తీసుకోమని చెప్పు. ఒరాకిల్ అలవాటున్నవాళ్ళు ఎన్‌వీఎల్ రాస్తారు, అది వాళ్ళ సొంత ఫంక్షన్. కోఅలెస్ 1992 స్టాండర్డ్‌లోనే ఉంది, రెండుచోట్లా పనిచేస్తుంది. ఇంకో మాట, మధ్యలో పెట్టిన ఆ స్పేసుని కూడా ఇంటిపేరుతో కలిపి కోఅలెస్ లోపల పెట్టు. లేకపోతే ఇంటిపేరు లేనివాళ్ళ పేరు ముందు ఒక స్పేసు మిగిలిపోతుంది.

#3 · కొవ్వూరు కుర్రాడు

అక్కా, పనిచేసింది! చాలా థాంక్స్. కానీ అసలు ప్రశ్న అలాగే ఉండిపోయింది. స్టాండర్డ్ అంత స్పష్టంగా చెబుతుంటే అంత పెద్ద కంపెనీ వేరేగా ఎందుకు చేసింది?

#4 · డీబీఏ అక్క

ఆ ఉత్పత్తి వచ్చినప్పటికి స్టాండర్డ్ లేదు కాబట్టి. ఒరాకిల్ మార్కెట్లోకి వచ్చింది 1979లో. అమెరికా స్టాండర్డ్‌ల సంస్థ అన్సీ వాళ్ళు మొదటి ఎస్‌క్యూఎల్ స్టాండర్డ్‌ని ఆమోదించింది 1986లో. ఏడేళ్ళ తేడా. ఆ ఏడేళ్ళలో ఎంతమంది కస్టమర్లు ఎన్ని ప్రోగ్రాములు రాసుకుని ఉంటారో ఊహించు. అవన్నీ ఒక రకంగా నడుస్తుంటే రాత్రికి రాత్రి మార్చలేరు. ఖాళీ స్ట్రింగ్‌నీ నల్‌నీ ఒకటిగా అనుకోవద్దని, ముందుముందు ఇది మారవచ్చని వాళ్ళ మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. ఇన్నేళ్ళయినా మార్చలేదు. మారిస్తే ఎవరి ఉత్తరాల్లో ఎవరి పేర్లు మాయమవుతాయో నువ్వు నిన్ననే చూశావు.

దీని వెనక కథ ఇంకా ఉంది. మాస్టారు ఉంటే చెబుతారు.

#5 · ఈడీపీ మాస్టారు

ఉన్నానమ్మా. కాస్త పెద్ద పోస్టు రాస్తాను, ఓపిగ్గా చదవండి.

నేను 1984లో హైదరాబాద్‌లో ఒక సంస్థలో ఈడీపీ విభాగంలో, అంటే కంప్యూటర్ విభాగంలో, చేరాను. అప్పట్లో డేటాబేస్ అంటే మా చేతికొచ్చింది చెట్టులాంటి అమరిక. పైన విభాగం రికార్డు, దాని కింద ఉద్యోగులు, ప్రతి ఉద్యోగి కింద అతని జీతం వివరాలు. ఏ సమాచారం కావాలన్నా పైనుంచి దిగి, పక్క రికార్డుకి జరిగి, మళ్ళీ కిందకి దిగి వెతకాలి. ఆ నడకంతా కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మేమే రాయాలి. రావిచెట్టు దాటి, ఎడమకి తిరిగి, మూడో గుమ్మం అని దారి చెప్పినట్టు ఉండేది. రావిచెట్టు కొట్టేస్తే, అంటే రికార్డుల అమరిక ఎవరైనా మారిస్తే, దారి చెప్పే ప్రోగ్రాములన్నీ తిరగరాయాలి. ఒకసారి జీతం రికార్డుని రెండుగా విడగొట్టారు. ఆరుగురం నెలన్నర కూర్చున్నాం.

అమెరికాలో ఐబీఎం వాళ్ళ శాన్‌హోసే పరిశోధనశాలలో ఎడ్గర్ కాడ్ అనే ఆయన 1970 జూన్‌లో ఒక పేపర్ వేశారు. ఇంగ్లండ్‌లో పుట్టినాయన, గణితం చదువుకున్నారు, రెండో ప్రపంచ యుద్ధంలో విమానం నడిపారు. ఆయన చెప్పింది ఇది: డేటాని టేబుల్స్‌గా చూడండి, దారి సంగతి మనిషికి వదలకండి. ‘ఏం కావాలి’ అన్నది మనిషి చెప్పాలి, ‘ఎలా వెళ్ళాలి’ అన్నది మెషీన్ చూసుకోవాలి. నెలన్నర కూర్చున్నవాడిని కాబట్టి ఆ మాట విలువ నాకు తెలుసు. ఆయన పేపర్ నేను చూసింది మాత్రం చాలా ఏళ్ళ తర్వాత.

అయితే కాడ్ రాసింది గణిత భాష. 1971లో ఆల్ఫా అని ఒక క్వెరీ భాష ప్రతిపాదించారు. అది తర్కశాస్త్రం గుర్తులతో ఉంటుంది. మామూలు గుమస్తా చదవలేడు, టెర్మినల్ మీద టైపు చేయలేడు.

ఇక్కడ డాన్ చాంబర్లిన్, రేమండ్ బాయ్స్ అనే ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. చాంబర్లిన్ అప్పటికి రికార్డు నుంచి రికార్డుకి నడిచే పాత పద్ధతినే శ్రద్ధగా నేర్చుకుంటున్నారు. ‘తన మేనేజర్ కంటే ఎక్కువ జీతం తీసుకునే ఉద్యోగులెవరు’ లాంటి ప్రశ్నకి అందులో పేజీలకి పేజీలు ప్రోగ్రాం రాయాలి. కాడ్ దాన్ని ఒక్క వాక్యంలో రాసేవారు. అది చూసి చాంబర్లిన్ మనసు మారిందని ఆయనే తరవాత చెప్పుకున్నారు. ఇద్దరూ ముందు స్క్వేర్ అని ఒక భాష చేశారు. అందులో అక్షరాల కింద చిన్న అక్షరాలు రాయాలి, కీబోర్డు మీద అది కుదరదు. దాన్ని పక్కన పెట్టి మామూలు ఇంగ్లీషు మాటలతో సీక్వెల్ చేశారు. ‘స్ట్రక్చర్డ్ ఇంగ్లిష్ క్వెరీ లాంగ్వేజ్’ అని దాని పూర్తి పేరు. ప్రోగ్రామర్లు కానివాళ్ళు, లెక్కలు రాసేవాళ్ళు, ఇంజనీర్లు, ఊళ్ళ ప్లాన్లు గీసేవాళ్ళు నేరుగా అడగాలన్నది వాళ్ళ కోరిక.

#6 · ఓరుగల్లు వాసి

మాస్టారూ, ‘మేనేజర్ కంటే ఎక్కువ జీతం’ అనగానే అమీర్‌పేట గుర్తొచ్చింది. మైత్రీవనం పక్క సందులో కోచింగ్ తీసుకున్న ప్రతి ఒక్కరూ స్కాట్ యూజర్, టైగర్ పాస్‌వర్డ్‌తో లాగిన్ అయి ఎంప్ అనే ఉద్యోగుల టేబుల్ మీద ఈ క్వెరీ రాసినవాళ్ళమే. 14 వరసలు ఉంటాయి. జోన్స్ జీతం 2975. ఆయన కింద పనిచేసే స్కాట్, ఫోర్డ్ ఇద్దరి జీతం 3000. జవాబు ఆ ఇద్దరే. టేబుల్‌ని దానితోనే జాయిన్ చేయడం నాకు అర్థమైంది ఆ ఇద్దరి వల్లే. ఈ ప్రశ్నకి ఇంత పాత చరిత్ర ఉందని ఇప్పుడే తెలిసింది.

#7 · బీటెక్ మూడో ఏడు

సీక్వెల్ అని పేరు పెట్టాక ఎస్‌క్యూఎల్ ఎందుకైంది సార్? మా క్లాసులో కొందరు ‘సీక్వెల్’ అంటారు, కొందరు విడివిడిగా అంటారు. ఏది రైటు?

#8 · ఈడీపీ మాస్టారు

సీక్వెల్ అనే పేరు అప్పటికే బ్రిటన్‌లో హాకర్ సిడ్లీ అనే విమానాల కంపెనీ ట్రేడ్‌మార్క్. అందుకని మధ్యలో అచ్చులు తీసేసి ఎస్‌క్యూఎల్ చేశారు. అమెరికాలో పాత అలవాటు పోక సీక్వెల్ అనేవాళ్ళు ఎక్కువ. నీకు ఏది నోరు తిరిగితే అది అను బాబూ, ఎవరూ మార్కులు తగ్గించరు.

బాయ్స్ గురించి ఒక మాట చెప్పాలి. 1974 మేలో మిషిగన్ రాష్ట్రం ఆన్ ఆర్బర్‌లో ఒక సదస్సు జరిగింది. సీక్వెల్ పేపర్ అక్కడే చదివారు. అదే సదస్సులో కాడ్‌కీ, రికార్డు నుంచి రికార్డుకి నడిచే పద్ధతికి పెద్ద దిక్కైన చార్లెస్ బాక్‌మన్‌కీ మధ్య పేరు మోసిన చర్చ జరిగింది. అప్పటికి బాక్‌మన్‌కి కంప్యూటర్ రంగంలో పెద్దదైన ట్యూరింగ్ అవార్డు వచ్చి ఉంది, కాడ్‌కి ఇంకా ఏడేళ్ళు పడుతుంది. ఆ సదస్సు అయిన కొద్ది వారాలకే బాయ్స్ మెదడులో రక్తనాళం చిట్లి చనిపోయారు. ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. టేబుల్స్‌ని సరిగ్గా విడగొట్టే నార్మలైజేషన్‌లో బీసీఎన్‌ఎఫ్ అని మీరు పరీక్షలకి చదువుతారే, అందులో ‘బీ’ ఆయనే. ప్రపంచంలో ఇన్ని కోట్లమంది రాసే భాషకి రూపం ఇచ్చిన మనిషి దాని మీద ఒక్క అసలైన ప్రోగ్రాం నడవడం చూడలేదు. అది తలుచుకున్నప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది.

#9 · డల్లాస్ తెలుగు

మాస్టారి పోస్టుకి కొనసాగింపుగా. భాష కాగితం మీద ఉంటే చాలదు, నడవాలి కదా. ఐబీఎం వాళ్ళు సిస్టమ్ ఆర్ అని ప్రయోగాత్మకంగా కట్టారు. ‘ఎలా వెళ్ళాలో మెషీన్ చూసుకుంటుంది’ అనడం తేలికే, చూసుకునేది ఎవరు? ఆ పని ప్యాట్ సెలింజర్ బృందం చేసింది. ఒకే క్వెరీకి ఉన్న దారుల్లో దేనికెంత ఖర్చో అంచనా వేసి చౌకైనది ఎంచుకునే ఆప్టిమైజర్. 1979 నాటి ఆ పేపర్ పద్ధతే ఇవాళ్టి డేటాబేస్‌లలో చాలావాటికి పునాది. క్వెరీ ఏ దారి పట్టిందో తెలుసుకోవడానికి నేను రోజూ చూసే ఎక్స్‌ప్లెయిన్ ప్లాన్ ఆవిడ పుణ్యమే. ట్రాన్సాక్షన్ల సంగతి, అంటే కొన్ని మార్పులు కలిసి అన్నీ జరగాలి లేదా ఏదీ జరగకూడదన్నది, జిమ్ గ్రే చూశారు. 1977లో ప్రాట్ అండ్ విట్నీ, విమానాల ఇంజన్లు చేసే కంపెనీ, సిస్టమ్ ఆర్‌కి మొదటి కస్టమర్.

అయితే ఐబీఎం ఈ పేపర్లన్నీ బహిరంగంగానే అచ్చు వేసింది. లారీ ఎలిసన్, బాబ్ మైనర్, ఎడ్ ఓట్స్ 1977లో చిన్న కంపెనీ పెట్టుకుని ఆ పేపర్లు చదివి తమ సొంత డేటాబేస్ కట్టారు. 1979లో అమ్మకానికి పెట్టారు. ఐబీఎం సొంత ఉత్పత్తి ఎస్‌క్యూఎల్/డీఎస్ 1981లో, డీబీ2 1983లో వచ్చాయి. పాత చెట్టు పద్ధతి మీద ఐబీఎంకి మంచి వ్యాపారం ఉండేది, దాన్ని చెడగొట్టుకోవడానికి తొందరపడలేదు.

అదే సమయంలో బర్క్‌లీలో మైకేల్ స్టోన్‌బ్రేకర్, యూజీన్ వాంగ్ ఇన్‌గ్రెస్ కట్టారు. దాని భాష క్వెల్. నా అభిప్రాయం అడిగితే క్వెల్ అమరిక ఎస్‌క్యూఎల్ కంటే శుభ్రంగా ఉంటుంది. గెలిచింది మాత్రం ఐబీఎం వెనక ఉన్న భాష.

#10 · డీబీఏ అక్క

కాడ్ గారికే ఎస్‌క్యూఎల్ మీద పెద్ద అభ్యంతరాలు ఉండేవి. 1988లో ఎస్‌క్యూఎల్ లోపాల గురించి ఘాటుగా వ్యాసం రాశారు. టేబుల్ అంటే గణితంలో సెట్, అందులో ఒకే వరస రెండుసార్లు రాకూడదు. ఎస్‌క్యూఎల్ రానిస్తుంది. ఒకేలాంటి వరసలు తీసేయమని డిస్టింక్ట్ అని మనం విడిగా రాసుకోవాల్సి రావడానికి కారణం అదే.

స్టాండర్డ్ ఎలా తయారైందో చెబుతాను. అమెరికాలో అన్సీ కింద ఎక్స్3హెచ్2 అనే కమిటీ ఉండేది. మొదట్లో భాషని శుభ్రం చేసి, లోపాలు సరిదిద్ది, మంచి రూపంలో స్టాండర్డ్ చేద్దామని చూశారు. కానీ అలా చేస్తే మార్కెట్లో ఉన్న ఏ ఉత్పత్తికీ అది సరిపోదు. చివరికి ఐబీఎం భాషకి దగ్గరగా, అందరి దగ్గరా ఉన్నదాన్నే కాగితం మీద పెట్టారు. 1986లో అన్సీ, 1987లో అంతర్జాతీయ స్టాండర్డ్‌ల సంస్థ ఐఎస్ఓ ఆమోదించాయి. ఐఎస్ఓ 9075 అన్న నంబరు ఇప్పటికీ అదే.

ఆ మొదటి స్టాండర్డ్‌లో ఏం లేవో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. టేబుల్ క్రియేట్ చేయొచ్చు, డ్రాప్ చేయడానికి కమాండ్ లేదు. ఉన్న టేబుల్‌ని మార్చే ఆల్టర్ లేదు. డేట్ టైప్ లేదు. పొడవు మారే అక్షరాల టైప్ వార్‌కార్ లేదు. ప్రతి వరసనీ గుర్తించే ప్రైమరీ కీ లేదు. ఇవి లేకుండా ఏ కంపెనీ సరుకు అమ్మగలదు? లేవు కాబట్టి ఎవరిది వాళ్ళు పెట్టుకున్నారు. ప్రైమరీ కీ, ఇంకో టేబుల్‌కి ముడిపెట్టే ఫారిన్ కీ, విలువకి షరతు పెట్టే చెక్ 1989లో వచ్చాయి. మిగతావి 1992లో. రెండు టేబుల్స్ కలిపేటప్పుడు జత దొరకని వరసల్నీ ఉంచే అవుటర్ జాయిన్ కూడా 1992లోనే. అప్పటికి ఒరాకిల్ వాళ్ళు బ్రాకెట్లో ప్లస్ గుర్తు పెట్టి రాస్తున్నారు, ఇంకొకరు నక్షత్రం, ఈక్వల్ కలిపి రాస్తున్నారు. తమ్ముడూ, మీ పాత క్వెరీల్లో బ్రాకెట్లో ప్లస్ ఉందేమో వెతుకు. ఉంటే అవన్నీ మార్చాలి.

#11 · కొవ్వూరు కుర్రాడు

అక్కా, వెతికాను. 61 క్వెరీల్లో ఉంది. ఇన్నాళ్ళూ అదే మామూలు పద్ధతి అనుకున్నాను.

ఒక సందేహం. స్టాండర్డ్ పాటిస్తున్నామని చెప్పుకునే కంపెనీని పరీక్షించేవాళ్ళు ఎవరూ లేరా?

#12 · డల్లాస్ తెలుగు

ఉండేవాళ్ళు. అమెరికాలో నిస్ట్ అనే ప్రభుత్వ సంస్థ టెస్టులు పెట్టేది. ప్రభుత్వానికి డేటాబేస్ అమ్మాలంటే ఆ టెస్టు పాస్ కావాలి, అందుకని కంపెనీలు శ్రద్ధ పెట్టేవి. 1996లో ఆ టెస్టింగ్ ఆపేశారు. అప్పటినుంచి ‘మాది స్టాండర్డ్’ అని ఎవరికి వారు చెప్పుకోవడమే.

1992 స్టాండర్డ్ సుమారు 600 పేజీలు. మూడు స్థాయిలు పెట్టారు: ఎంట్రీ, ఇంటర్మీడియట్, ఫుల్. చాలామంది మొదటి మెట్టు దగ్గరే ఆగారు. 1999లో స్థాయిలు తీసేసి ‘కోర్’ అని ఒకటి, దాని మీద ఎవరికి నచ్చిన ఫీచర్లు వాళ్ళు ఎంచుకోవడం అన్నారు.

ఆలస్యాలు ఎలా ఉంటాయో చూడండి. చెక్ కన్‌స్ట్రెయింట్ 1989 నాటిది. మైఎస్‌క్యూఎల్ దాన్ని రాయనిచ్చేది కానీ పట్టించుకునేది కాదు, ఆ సంగతి మాన్యువల్‌లో రాసేవారు. 2019లో 8.0.16 నుంచి అమలు చేస్తోంది. అవును, కాదు అని మాత్రమే చెప్పే బూలియన్ టైప్ 1999 స్టాండర్డ్‌లో ఉంది. ఒరాకిల్‌లో టేబుల్ కాలమ్‌కి బూలియన్ 2023లో వచ్చింది. అన్నిచోట్లా వై, ఎన్ అని ఒక అక్షరం పెట్టుకుని గడిపాం.

ఎదురు దిశలోనూ జరుగుతుంది. మొదటి పది వరసలు చాలు అని చెప్పడానికి ఒకరు లిమిట్, ఒకరు టాప్, ఒకరు రోనమ్ వాడుతున్నారు. స్టాండర్డ్ 2008లో వచ్చి ఫెచ్ ఫస్ట్ అంది. అప్పటికే అందరికీ అలవాట్లు స్థిరపడ్డాయి. నేను ఇప్పటికీ లిమిట్ అనే రాస్తాను.

#13 · భాషాభిమాని

నేను తెలుగు మాస్టారిని, మా అబ్బాయి దగ్గర కొంచెం ఎస్‌క్యూఎల్ నేర్చుకుంటున్నాను. సాంకేతిక విషయం నాకంత తెలియదు కానీ ఒక సంగతి గమనించాను, తప్పయితే దిద్దండి.

సెలెక్ట్ పేరు, జీతం, ఫ్రమ్ ఎంప్, వేర్ డెప్ట్ 10. ఇది ఇంగ్లీషు వాక్యం. క్రియ ముందు, కర్మ తర్వాత, ఎక్కడినుంచి అన్నది ఆ తర్వాత. అదే తెలుగులో చెబితే ‘ఎంప్ టేబుల్లోంచి, పదో డిపార్ట్‌మెంటులో ఉన్నవాళ్ళ, పేరూ జీతమూ తీయి’ అంటాం. చోటు ముందు, షరతు తర్వాత, ఏం కావాలో ఆ తర్వాత, క్రియ చివర.

మా అబ్బాయి చూపించిన పుస్తకంలో డేటాబేస్ క్వెరీని అర్థం చేసుకునే వరస ఉంది: ముందు ఫ్రమ్, తర్వాత వేర్, గ్రూప్ బై, హ్యావింగ్, ఆ తర్వాత సెలెక్ట్. అంటే మెషీన్ అర్థం చేసుకునే వరస మన వాక్యం వరసే! చదవగానే లేచి మా అబ్బాయిని పిలిచాను.

#14 · క్వెరీ ప్లాన్

మాస్టారూ, గమనింపు బాగుంది. కానీ ఒక చిన్న అభ్యంతరం. అది అర్థం చెప్పుకోవడానికి పెట్టుకున్న వరస. లోపల ఆప్టిమైజర్ తనకి చౌకైన పద్ధతిలో చేస్తుంది, ఫ్రమ్ నుంచే మొదలుపెట్టాలని లేదు. పైగా క్రియ చివర వచ్చేది తెలుగులోనే కాదు, హిందీలో, జపనీస్‌లో కూడా అంతే.

#15 · డీబీఏ అక్క

అభ్యంతరం సరైనదే, కానీ మాస్టారు పట్టుకున్నది అసలు చోటు. కొత్తవాళ్ళు రోజూ పడే ఇబ్బంది ఇది: సెలెక్ట్‌లో జీతం ఇంటూ 12కి ‘వార్షికం’ అని పేరు పెట్టుకుంటారు, వేర్‌లో ఆ పేరు వాడితే ఎర్రర్. ఎందుకంటే అర్థం ప్రకారం వేర్ ముందు, సెలెక్ట్ తర్వాత. పేరు పుట్టకముందే పిలిచినట్టు. నేను జూనియర్లకి ఇకమీదట తెలుగు వాక్యంతోనే చెబుతాను.

ఈ ఆలోచన బయట కూడా ఉంది. మైక్రోసాఫ్ట్ వాళ్ళ లింక్ (LINQ) అనే క్వెరీ పద్ధతిలో ఫ్రమ్ ముందు రాస్తారు. డక్‌డీబీ అనే డేటాబేస్ ఫ్రమ్‌తో మొదలుపెట్టనిస్తుంది. 2024లో గూగుల్ వాళ్ళు పైప్ పద్ధతి అని పేపర్ వేశారు, ఫ్రమ్‌తో మొదలుపెట్టి ఒక్కో మెట్టూ కిందకి రాసుకుంటూ పోవడమే. యాభై ఏళ్ళ తర్వాత వాక్యం తిరగబడుతోంది.

#16 · ఓరుగల్లు వాసి

తెలుగు ప్రస్తావన వచ్చింది కాబట్టి తెలుగు డేటా గురించి కూడా చెప్పాలి. ఇందులో రెండుసార్లు దెబ్బతిన్నాను.

ఒకటి, రైతుల పేర్లు తెలుగులో ఎక్కించే ప్రాజెక్టు. ఇన్సర్ట్ చేశాం, ఎర్రర్ లేదు, తీసి చూస్తే వరసగా ప్రశ్నార్థకాలు. మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో కాలమ్‌కి ఎన్‌వార్‌కార్ పెట్టడంతో సరిపోదు, కొటేషన్ ముందు ఎన్ అక్షరం కూడా పెట్టాలి. మేం పెట్టలేదు. డేటా కాలమ్‌కి చేరకముందే పోయింది, వెనక్కి రాదు. మళ్ళీ టైపు చేయించాం. ఆ ‘ఎన్’ అంటే నేషనల్ అని, అది 1992 స్టాండర్డ్ నుంచే ఉందని తరవాత తెలిసింది.

రెండోది పొడవు. 30 పెడితే ముప్పై అక్షరాలు పడతాయనుకుంటాం. ఒరాకిల్‌లో వార్‌కార్2కి మామూలుగా ఆ 30 బైట్లు. యూటీఎఫ్-8లో తెలుగుది ఒక్కో కోడ్‌కి 3 బైట్లు. ‘వెంకటేశ్వర్లు’ లెక్కపెట్టండి: గుణింతం గుర్తు, సున్న, పొల్లు అన్నీ విడివిడి కోడ్‌లే. మొత్తం 13, అంటే 39 బైట్లు. మన ఊళ్ళలో ఇంతకంటే మామూలు పేరు ఏముంది? అది పట్టదు. 30 పక్కన కార్ అని రాయాలి. స్టాండర్డ్‌లో క్యారెక్టర్ లెంగ్త్, ఆక్టెట్ లెంగ్త్ అని రెండు వేర్వేరు ఫంక్షన్లు 1992లోనే పెట్టారు, ఈ రెండూ ఒకటి కాదని తెలిసే పెట్టారు. ఇంగ్లీషు మాత్రమే వాడేవాళ్ళకి ఆ తేడా ఎప్పుడూ కనబడదు. మనకి మొదటి రోజే కనబడుతుంది.

#17 · కొవ్వూరు కుర్రాడు

అన్నా, ఇది చదివి మా టేబుల్స్ చూశాను. పేరు కాలమ్ 40. ఇప్పటివరకు అన్నీ ఇంగ్లీషు పేర్లే, వచ్చే ఏడాది తెలుగు కూడా ఎక్కించాలన్నారు. కొత్తదాంట్లో లెక్క అక్షరాల్లోనే అని మాన్యువల్‌లో చూసుకున్నాను. హమ్మయ్య.

#18 · బీటెక్ మూడో ఏడు

స్టాండర్డ్ మొత్తం చదవాలంటే ఎక్కడ దొరుకుతుంది సార్?

#19 · డల్లాస్ తెలుగు

ఐఎస్ఓ దగ్గర కొనాలి. భాగాలుగా అమ్ముతారు, స్టూడెంట్ కొనే ధరలో ఉండదు. నాకు ఈ విషయంలో నిజంగా కోపం ఉంది. ప్రపంచమంతా వాడే భాష వ్యాకరణం డబ్బు కట్టినవాళ్ళకే కనబడటం సరికాదు.

నువ్వు పోస్ట్‌గ్రెస్ మాన్యువల్ చదువు, ఉచితం. ప్రతి కమాండ్ పేజీ చివర కంపాటిబిలిటీ అనే భాగం ఉంటుంది. ఇందులో స్టాండర్డ్ ఎంత, మేం చేర్చింది ఎంత అని నిజాయితీగా రాస్తారు. పోస్ట్‌గ్రెస్ కూడా మొదట ఎస్‌క్యూఎల్ కాదు తెలుసా? స్టోన్‌బ్రేకర్ గారి పోస్ట్‌గ్రెస్‌లో భాష పోస్ట్‌క్వెల్. 1994లో ఇద్దరు విద్యార్థులు, ఆండ్రూ యూ, జాలీ చెన్, దానికి ఎస్‌క్యూఎల్ పెట్టారు. 1996లో పేరు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అయింది.

#20 · క్వెరీ ప్లాన్

స్టాండర్డ్ మాటలు కూడా సందిగ్ధంగా ఉండొచ్చు, ఇది బ్యాంకింగ్ ప్రాజెక్టుల్లో ఉన్నవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. 1992లో ట్రాన్సాక్షన్లకి నాలుగు ఐసొలేషన్ స్థాయిలు, అంటే ఒకేసారి నడిచేవి ఒకదానికొకటి ఎంత అడ్డం రావచ్చన్న మెట్లు, పెట్టారు. 1995లో జిమ్ గ్రే, ఇంకొందరు కలిసి ఆ నిర్వచనాలు సరిపోవని పేపర్ రాశారు. రాసినవాళ్ళలో ఆ స్టాండర్డ్ సంపాదకుడు జిమ్ మెల్టన్ కూడా ఉన్నారు. తను కూర్చిన పత్రంలో లోపం ఉందని పేరు పెట్టి చెప్పడం నాకు గొప్పగా అనిపిస్తుంది.

అందుకే సీరియలైజబుల్ (ఒకదాని తర్వాత ఒకటి నడిచినట్టే అని) అన్న మాట చూసి ఊరుకోకండి. ఒరాకిల్‌లో ఆ పేరుతో ఇచ్చేది స్నాప్‌షాట్, అంటే మొదలైనప్పటి డేటా బొమ్మ. ఇద్దరు ఒకేసారి పాత బొమ్మ చూసి చెరొక వరస మారిస్తే రెండూ ఒప్పుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ 2011లో 9.1 నుంచి అలాంటిది పట్టుకుని ఒకదాన్ని ఆపేస్తుంది. ఆపినప్పుడు మళ్ళీ ప్రయత్నించే కోడ్ మీరు రాసుకోవాలి. కొత్తదానికి మారేవాళ్ళు ఇది మరిచిపోతారు.

#21 · ఈడీపీ మాస్టారు

మీ మాటలు చదువుతుంటే ఉత్సాహంగా ఉంది. తర్వాతి స్టాండర్డ్‌ల గురించి ఎవరూ పెద్దగా రాయలేదు కాబట్టి రెండు ముక్కలు. 1999లో రికర్సివ్ క్వెరీలు వచ్చాయి. మేనేజర్ మీద మేనేజర్, ఆయన మీద ఇంకొకరు, ఎంత పైకైనా ఒకే క్వెరీలో వెళ్ళొచ్చు. 2003లో విండో ఫంక్షన్లు, 2011లో కాలంతో పాటు మారే డేటా, 2016లో జేసన్. 2023లో గ్రాఫ్ క్వెరీలు. గ్రాఫ్ అంటే మళ్ళీ ఒక రికార్డు నుంచి ఇంకో రికార్డుకి దారి పట్టి వెళ్ళడమే. నేను కోబాల్‌లో నడిచిన దారే, కాకపోతే ఈసారి దారి ఆకారం చెబితే చాలు, నడిచేది మెషీన్.

#22 · కొవ్వూరు కుర్రాడు

సోమవారం అయిపోయింది, చెబుదామని వచ్చాను. మేనేజర్‌కి 1979, 1986 సంగతి చెప్పి, కలిపే క్వెరీలన్నీ వెతికిన లిస్టు ఇచ్చాను. పేర్లన్నీ వస్తున్నాయి. వారం గడువు పెంచారు.

నల్ భయం పట్టుకుని మిగతావి కూడా చూస్తున్నాను. ఇంట్లో ఎంప్ టేబుల్ పెట్టుకుని ‘ఎవరికీ మేనేజర్ కానివాళ్ళు’ అని, లిస్టులో లేనివాళ్ళని అడిగే నాట్ ఇన్‌తో రాశాను. 8 మంది రావాలి. ఒక్కరూ రాలేదు. గంటసేపు చూశాను. కింగ్‌కి మేనేజర్ లేడు కదా, ఆ కాలమ్ నల్. ఆ ఒక్క నల్ లిస్టులో ఉంటే ‘ఈ మనిషి లిస్టులో లేడు’ అని దేని గురించీ కచ్చితంగా చెప్పలేదు, అందుకే అందరినీ వదిలేసింది. నాట్ ఎగ్జిస్ట్స్‌తో మార్చాక 8 మందీ వచ్చారు. పాత డేటాబేస్‌లో కూడా నడిపి చూశాను, అక్కడా సున్నానే. ఈ విషయంలో ఇద్దరూ స్టాండర్డ్ మాటే విన్నారు.

మా రిపోర్టుల్లో నాట్ ఇన్ ఉన్నవి 17. అందులో రెండు ఎప్పుడూ ఖాళీగానే వస్తాయని, ఆ సమస్య ఉన్న కస్టమర్లే మాకు లేరని అనుకునేవాళ్ళట. రేపు ఆ రెండూ తెరుస్తున్నాను.

#23 · డీబీఏ అక్క

తెరువు తమ్ముడూ. ముందు కౌంట్ మాత్రమే తీసి రాసుకో, తర్వాత మార్చు. ఎంత వచ్చిందో ఇక్కడ రాయి.